మైకు శరణమ్మకిచ్చాను

మే 6, మంగళవారం

చీరల ఆఫరైనా, కోచింగ్ సెంటర్ అడ్మిషన్లైనా, ఎలక్షన్లైనా నారాయణఖేడ్‌లో మోగేది నా గొంతే. ఇస్మాయిల్ ఆటో నడుపుతాడు, నేను మైకు పడతాను. మాట ఎలా అమ్మాలో నాకు తెలుసు. అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాలి. కొంచెం భయపెట్టాలి. చివర్లో "ఈరోజే" అనాలి.

మే 8

ఫోన్ నిండా ఒకటే వీడియో. దుప్పట్లమ్మే ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోతున్నారట. ఏడుపు మ్యూజిక్, ఎర్ర అక్షరాలు, "వెంటనే షేర్ చేయండి". అచ్చం నా పద్ధతే. చేసినవాడికి పని వచ్చు.

మా అత్త లక్ష్మవ్వకు ఫోన్ లేదు. సాయంత్రం కేబుల్ టీవీలో కూడా అదే మాట స్క్రోలింగ్ వచ్చింది. ఇక ఆమెకు అది నిజమే.

మే 9, మధ్యాహ్నం

బోరంచ దాటాక ఒక ఊళ్లో పిల్లల దొంగ అని శరణమ్మను పట్టుకున్నారట! బీదర్ వైపు మనిషి, ఏటా దుప్పట్లు తెస్తుంది. మేం కప్పుకునేవి ఆమె దగ్గర కొన్నవే.

పోలీసులకు చెప్పాను. ఆటో తీయమంటే ఇస్మాయిల్ జంకాడు. "నా పేరింటే నన్ను గూడ దొంగల్ల కలుపుతరక్కా" అన్నాడు. అన్నాడే గానీ తాళం తిప్పాడు.

మే 9, సాయంత్రం

శరణమ్మను కరెంటు స్తంభానికి కట్టేశారు. నుదురు చిట్లి రక్తం కారుతోంది. మైకులో గట్టిగా చెప్పాను, ఆ వీడియో అబద్ధమని. "గీమెకెంతిచ్చిండ్రో అడుగుండ్రి!" అని ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు. నిజమే, నాది కిరాయి గొంతు.

అప్పుడు గుంపులోకి నడిచి మైకు శరణమ్మ నోటి దగ్గర పెట్టాను. ఆమె ఏడుస్తూ సగం కన్నడంలో, సగం తెలుగులో మాట్లాడింది. ఎవరింట్లో నీళ్లు తాగిందో, ఎవరి మనవరాలి కోసం చిన్న దుప్పటి కుట్టి తెచ్చిందో చెప్పింది. స్పీకర్లో ఊరంతా విన్నది.

వెనక నుంచి ఒక ముసలావిడ తోసుకుంటూ వచ్చింది.

"అయ్యో, గీమె మన శరణవ్వనే గదరా! ఆ దుప్పటి నా మనవరాలికే తెచ్చింది. కట్లిప్పుండ్రి!"

ఎవరూ కదలకపోతే తనే విప్పింది. ఒక్కొక్కరే జారుకున్నారు. పోలీసులు వచ్చేసరికి శరణమ్మ మా ఆటోలో కూర్చుని ఉంది. దవాఖానలో నుదుటికి కుట్లు వేశారు. అక్కడిదాకా దారి పొడుగునా ఆమె నా చెయ్యి వదల్లేదు.

మే 11, ఆదివారం

మా ఆడపడుచు భాగ్య ఫ్యామిలీ గ్రూపులో, మొన్న ఆ ఊళ్లో ఎవరో తీసిన వీడియో పెట్టింది. "పట్టుబడ్డ పిల్లల దొంగల ముఠా." మైకు పట్టుకున్న నా ముఖం చుట్టూ ఎర్ర సున్నా.

ఫోన్ చేశాను. "నేనైతే జూడలే వదినా. అందరు పంపుతుండ్రని పంపిన" అంది.

ఇస్మాయిల్‌ను జల్దీ రమ్మన్నాను. ఈరోజు అనౌన్స్‌మెంట్ నా గురించే.