పచ్చ పొట్లం బ్లేడు

కాటన్‌పేట,
బెంగళూరు.

చిరంజీవి అల్లుడికి మామ ఓబళప్ప ఆశీర్వాదాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మారతహళ్ళి ఫ్లాట్లో మీరిద్దరూ క్షేమమని వరూధిని వాళ్ళమ్మకు ఫోన్లో చెప్పింది. నాకు ఫోను సరిపడదప్పా. సగం వినపడదు, వినపడిన సగం తప్పుగా వినపడతాది. అందుకే ఉత్తరం.

దీంతోపాటు వచ్చిన డబ్బాలో నా సేఫ్టీ రేజరు ఉండాది. ఇన్నేండ్లూ నా మొగం దిద్దింది అదే. పెండ్లయి ఇన్నాళ్ళయినా అల్లుడికి నీ చేతి వస్తువు ఒకటీ ఇయ్యలేదే అని మీ అత్త అనింది. నాకు ఇది తోచింది.

బ్లేడు సంగతి విను. ఒకే బ్లేడు అందరికీ సరిపోదు. చెప్పుల మాదిరే, ఎవరి కాలికి వాళ్ళవి. మన అంగట్లో ఉండే రకాలన్నీ ఒక్కో పొట్లం పెట్టినా. ఒక్కొక్కటి నాలుగు సార్లు వాడి చూడు. సబ్బు మార్చొద్దు, బ్రష్షు మార్చొద్దు, బ్లేడు ఒక్కటే మార్చు. అప్పుడే దేని గుణం ఏందో తెలిసేది. పచ్చ పొట్లంది మెత్తన, దాంతో మొదలుపెట్టు. అదమొద్దు, రేజరు బరువే పని చేసుకుంటాది. గొంతు కింద వెంట్రుక ఎటు వాలిందో వేలితో తడిమి చూసుకుని అటే పో.

నీ గడ్డం ఎట్లుండాదో రాయి.

ఇట్లు మామ,
ఓబళప్ప.

తా.క.: పొట్లం మీద ‘ప్రపంచంలోనే నంబర్ వన్’ అని ఉంటాది. నమ్మొద్దు. అన్ని పొట్లాల మీదా అదే ఉండాది.

*

మారతహళ్ళి.

పూజ్యులైన మామయ్యగారికి త్రినాథ్ నమస్కరించి రాయునది.

డబ్బా అందింది. పెళ్ళిలో మీతో నాలుగు మాటలు మాట్లాడే భాగ్యం కలగలేదు. రెండుసార్లు పలకరించాను గానీ, మీరు నా ముఖం వంకే చూస్తూ ఉండిపోయారు. అప్పటినుంచీ నా మనసులో ఏదో వెలితి. రేజరు చూడగానే మీ అభిప్రాయం నాకు అర్థమైంది. ఆ సాయంత్రమే మీరు కోరినట్టు చేసేశాను.

పచ్చ పొట్లంతోనే మొదలుపెట్టాను. మీరన్నట్టు మెత్తనిదే అయి ఉంటుంది. రేజరు పట్టి చాలా ఏళ్ళయింది కాబట్టి నా చేతికి కాస్త చురుగ్గా అనిపించింది. తప్పు నాదే. ఏమైనా గడ్డం ఇప్పుడు నున్నగా ఉంది. హొసకోటెలో చిన్నమామయ్యగారి గృహప్రవేశానికి వస్తాం కదా, స్వయంగా చూద్దురుగాని. మీకు నచ్చుతుందని నా ఆశ.

మీ విధేయుడైన అల్లుడు,
త్రినాథ్.

తా.క.: నాయనా, ఇది రాస్తున్నది వరూధిని. పటిక ముక్క ఒకటి పంపించు. ఈయన ముఖానికి నాలుగు చోట్ల కాగితం ముక్కలు అంటించుకుని ఆఫీసు మీటింగులో కూర్చున్నాడు. ‘కాస్త చురుగ్గా’ అంటే అర్థం అదీ. ఇంకో సంగతి ఉంది. హొసకోటె వచ్చేదాకా చెప్పకూడదని ఒట్టు పెట్టించుకున్నాడు, కాబట్టి చెప్పను.

*

కాటన్‌పేట.

అల్లుడికి ఆశీర్వాదాలు.

పటిక పెట్టినా. తడి మొగం మీద రుద్దుకో. మండిందంటే అక్కడ కోసిందని లెక్క.

పచ్చది కోసిందని చదివి బేజారయింది. నూనూగు మీసాల పిల్లోళ్ళు వస్తే మన అంగట్లో ఇచ్చేది అదే. కోయమన్నా దానికి చేతకాదు. అంటే నువ్వు అదుముతా ఉండావు. రోజంతా కంప్యూటరు మీటలు నొక్కే చెయ్యి కదా, ఇక్కడా నొక్కుతాది. పిడి కొసన వేళ్ళతో ఊరికే పట్టుకో, పిల్లనగ్రోవి పట్టినట్ల. ముందు వేణ్ణీళ్ళతో మొగం బాగా నాననీ. చెయ్యి కుదిరేదాకా పచ్చది వదలొద్దు. దాన్నే గెలవలేనోడు మిగతావాటిని ఏం గెలుస్తాడు?

నీ గడ్డం నున్నగా ఉండాదని రాసినావు, సంతోషం. గడ్డానికి ఏం నూనె రాస్తావు? సుమ్నే, ఊరికే అడుగుతా ఉండా, నాకేం పని లేదు.

ఇట్లు,
ఓబళప్ప.

తా.క.: వరూధిని ‘చెప్పకూడని సంగతి’ అని రాసింది చదివినప్పటినుంచి మీ అత్త మామిడికాయ ఊరగాయ, చింతపండు, కుంకుమపువ్వు మూట కడతా ఉండాది. ఏమీ అడగొద్దని చెప్పినా. అడగదు. మూట మాత్రం పెద్దదవుతా ఉండాది.

*

మారతహళ్ళి.

మామయ్యగారి పాదాలకు నమస్కారాలు.

గడ్డానికి కొబ్బరినూనె రాస్తున్నాను. పడుకునే ముందు రాస్తే తెల్లవారేసరికి మంట తగ్గుతోంది.

మీ దగ్గర దాచడం ఇష్టం లేక ఒక అపరాధం చెప్పుకుంటున్నాను. పచ్చది వదలొద్దని మీరు రాసినా, ఆఫీసులో పెద్దవాళ్ళు వచ్చే రోజని భయపడి నీలం పొట్లం విప్పాను. కాస్త పీకింది గానీ రక్తం రాలేదు. మర్నాడు ఎర్రది వాడాను. బుగ్గల మీద బ్లేడు ఉన్నట్టే తెలియలేదు. గొంతు దగ్గర కూడా ఎక్కడా ఎర్రబడలేదు. నాకు సరిపోయేది ఎర్రదేనేమో అనిపించింది. కాని మీ మాట జవదాటడం బాగుండదని మళ్ళీ పచ్చకే వచ్చాను.

ఈసారి చెవి కింద.

మీరు కోప్పడరని తలుస్తూ,
త్రినాథ్.

తా.క.: నాయనా, అమ్మకు చెప్పు, ఆ సంగతి కాదు. ఊరగాయ మాత్రం పంపించమను. ఈయన ఇప్పుడు పచ్చ పొట్లం విప్పేముందు దేవుడి పటానికి దండం పెట్టుకుంటున్నాడు. – వరూధిని.

*

కాటన్‌పేట.

అల్లుడికి ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివినా. ఎర్రది హాయిగా ఉండి పచ్చది కోసేదా! పిల్లి వదిలిపెట్టి పావురం కరిచినట్టుండాది. నా ఇన్నేండ్ల యాపారంలో ఇట్లాంటి చర్మం వినలేదు. ఉత్తరం తీసుకొని పక్క దువ్వెనల అంగడి చిక్కమునియప్ప దగ్గరికి పోయినా. ఆయప్ప చదివి, కండ్లద్దాలు తీసి, “ఓబళప్పా, తప్పు బ్లేడుదీ కాదు, పిల్లోడిదీ కాదు. నీళ్ళది. మారతహళ్ళిలో బోరు నీళ్ళప్పా. ఆ ఉప్పు నీళ్ళకు సబ్బు నురగ రాదు. నురగ లేని మొగం మీద పచ్చదేంది, కోడి ఈక పెట్టినా కోస్తాది” అన్నాడు.

అంగట్లో ఉన్నోళ్ళకందరికీ సరే అనిపించింది. కాబట్టి మన ఇంటి కావేరి నీళ్ళు ఒక క్యాను పంపుతా ఉండా. కాచుకుని, ఆ నీళ్ళతోనే సబ్బు నురగ తీసి, పచ్చదే వాడు. ఎర్రది పక్కన పెట్టు. కారణం తెలీకుండా బ్లేడు మార్చేది రోగం తెలీకుండా మాత్ర మార్చినట్ల.

గడ్డానికి కొబ్బరినూనె రాస్తే మధ్యాన్నానికి చొక్కా మీద కారతాదని నాకు తెలిసినాయన ఒకరు చెప్పినారు. నీకు కారలేదా?

ఇట్లు,
ఓబళప్ప.

తా.క.: ఆ నీళ్ళతో పప్పు బాగా ఉడుకుతాదని మీ అత్త వరూధినికి ఫోన్లో చెప్తా ఉంటే విన్నా. ఒప్పుకోవద్దు. అవి గడ్డం నీళ్ళు.

*

మారతహళ్ళి.

మామయ్యగారికి అనేక నమస్కారాలు.

మీరు పంపిన మనిషి నిన్న నీళ్ళ క్యానుతో వచ్చాడు. కాటన్‌పేట అంగడి నుంచి ఎవరో వచ్చారని సెక్యూరిటీవాళ్ళు ఫోను చేస్తే కిందికి దిగాను. చూద్దును గదా, తెల్లటి గడ్డం పెద్దాయన, ఒంటరిగా, అంత బరువు క్యాను మోసుకుంటూ రెండు బస్సులు మారి వచ్చాడు! నాకు సిగ్గేసింది. పైకి రమ్మంటే మొదట రానన్నాడు. నా వంక చూసి, తర్వాత నా వెనక ఇంకెవరైనా వస్తారా అన్నట్టు చూశాడు. బలవంతాన తీసుకెళ్ళి ఫ్యాను కింద కూర్చోబెట్టి టీ ఇచ్చాను. వరూధిని ఆఫీసు నుంచి రాకముందే వెళ్ళిపోయాడు.

మామయ్యగారూ, మన చిక్కు ఆయనే విప్పాడు. “ఏదీ, ఆ పచ్చ పొట్లం తీసుకురా” అన్నాడు. తెచ్చాను. కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు.

“ఇదా పచ్చ?”

“పచ్చే కదా తాతగారూ. చిలక రంగు.”

“అయ్యో నాయనా! ఇది ఆకురంగు. కాటన్‌పేటలో పచ్చ అంటే పసుపు, పసుపుకొమ్ము రంగు. ఇది గుండ్లు గీసేవాళ్ళు కొనుక్కుపోయేది. ఉండేవాటిలోకి దీని అంత పదును ఇంకోటి లేదు!”

అని నవ్వడం మొదలుపెట్టి, పొలమారి, టీ సగం చొక్కా మీద పోసుకున్నాడు. మా విజయనగరంలో పచ్చ అంటే ఆకుపచ్చే. పసుపు పొట్లం డబ్బా అడుగున విప్పకుండా పడి ఉంది. ఇవాళ దానితో చేసుకున్నాను. వెన్న. అయినా నాకు కుదిరింది ఎర్రదేనని పరీక్షలన్నీ అయ్యాక ధైర్యంగా చెబుతున్నాను.

ఆయన మంచి శ్రోత. నేను అవసరానికి మించి నాలుగు మాటలు మాట్లాడాను. అవి మీ దాకా రానివ్వనని మాట ఇచ్చాడు. పేరు అడగడం మరిచాను. దయచేసి ఈ వయసులో ఆయన చేత బరువులు మోయించకండి.

హొసకోటెలో కలుద్దాం.

మీ అల్లుడు,
త్రినాథ్.

తా.క.: చిన్నవాణ్ణి, చెప్పకూడదు గానీ, బ్లేళ్ళమ్మే అంగట్లో అంత గడ్డమున్నవాణ్ణి పెట్టుకుంటే వ్యాపారం ఎలా సాగుతుంది మామయ్యగారూ? ఈ మాట ఆయనకు తెలియనివ్వకండి.

*

కాటన్‌పేట.

త్రినాథా,

తెలిసిపోయింది. ఆ గడ్డమాయన నేనే.

నీళ్ళు పంపేదానికి మనిషి దొరకలేదు, అందుకే బస్సెక్కినా అని చెప్తే సగం అబద్ధం. నా గడ్డం హొసకోటె దాకా దాచుకోలేక నీకు ముందే చూపిద్దామని వచ్చినా. వరూధినికి చెప్పొద్దని మీ అత్త చేత నేను ఒట్టు పెట్టించుకునింది కూడా అందుకే. తీరా కిందికి ఎవరో నున్నటి మొగం పిల్లోడు దిగినాడు. పక్కింటోడేమో అనుకున్నా. మా అల్లుడు గడ్డమోడు కదా! నువ్వు ‘మా మామయ్యగారు’ అని మొదలుపెట్టినప్పుడు గానీ నువ్వే అల్లుడివని తెలీలేదు. చొక్కా మీద పోసుకునింది నవ్వుకు మాత్రమే కాదప్పా.

నువ్వేమన్నావు? “మామయ్యగారికి నేనంటే ఇష్టం లేదు తాతగారూ. పెళ్ళిలో పలకరిస్తే బదులివ్వలేదు. ఈ గడ్డం నచ్చలేదని రేజరు పంపారు. గడ్డం పోతే మళ్ళీ వస్తుంది. ఉత్తరాల్లో కూడా అల్లుడికి అనే రాస్తారు. ఒక్కసారి నన్ను పేరుపెట్టి పిలిస్తే చాలు” అన్నావు. నువ్వు నాకు బాగా వినపడే కుడి చెవి పక్క కూచోనుండావు, ఒక్క మాటా పోలేదు. అప్పుడే ‘నేనేరా’ అనుండాల్సింది. అనకుండా చెప్పులేసుకుని వచ్చేసినా.

పెండ్లిలో నాదస్వరం నా చెవి పక్కనే. నీ నోరు ఆడింది కనపడింది, మాట వినపడలేదు. నీ మొగం చూస్తా ఉండిపోయింది మాత్రం నిజం. నేను చూసింది నీ గడ్డాన్ని. చిన్నప్పటినుంచి నాకు గడ్డమంటే ఆశ. మా నాయన పెంచనీలేదు. ఆయన తరువాత అంగడి పెంచనీలేదు, బ్లేళ్ళమ్మేవాడు గడ్డం పెంచితే నువ్వన్నట్టే యాపారం ఎట్ల సాగుతాది? ఇప్పుడు అంగట్లో మా తమ్ముని కొడుకు కూచుంటాడు. నీ పెండ్లి నుంచి ఇంటికొచ్చి రేజరు పక్కన పెట్టేసినా. నాకెట్లాగూ దాంతో పని లేదు, గడ్డం గట్లు దిద్దుకునేదానికి అల్లుడికి పనికొస్తాదని పంపితే, నువ్వు గడ్డమంతా దున్నేసినావు!

‘గడ్డం నున్నగా ఉంది’ అని నువ్వు రాస్తే, నూనె బాగా పట్టింది కాబోలు అనుకుని నేనూ కొబ్బరినూనె రాసి రెండు చొక్కాలు పోగొట్టుకున్నా.

ఇంక మళ్ళీ పెంచుతావో, నున్నగానే ఉంటావో, నీ మొగం నీ ఇష్టం. ఎర్రది నీకు కుదిరిందన్నావు, అదే వాడు. నా కోసమని ఏదీ గీయొద్దు. గీయాలంటే ‘మామయ్యగారు’లో ఆ ‘గారు’ గీకెయ్.

త్రినాథా, త్రినాథా. కాగితం మీద పిలిస్తే చాలదు, నాకు తెలుసు. ఆదివారం హొసకోటెలో అందరిముందర గట్టిగా పిలుస్తా. గట్టిగానే పలుకు. కుడిపక్క నిలబడు.

నీ మామ,
ఓబళప్ప.

తా.క.: వరూధిని నీ కొత్త మొగం ఫోటో వాళ్ళమ్మకు పంపింది. “ఈ పిల్లోడెవరు, ఇంత చక్కగుండాడు!” అనింది మీ అత్త. నీ మొగుడూ ఇట్లుంటే ఎట్లుంటాది అని ఆమెను ఎవరూ అడగలేదు, అయినా నా పక్క చూసి ఒక నిట్టూర్పు విడిచింది. మళ్ళీ ఇంకొకటి విడిచింది. విడవనీ. నేను తీసేది లేదు.