నీ చావును కర్మ అన్నారు

రాజూ,

ఈ అరబ్బు దేశంలో, దజీజ్ గోదాములో సరుకు ర్యాక్ నీ మీద కూలి నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అబ్బాసియాలో మనం ఉన్న గదికి మన ఫోర్‌మన్ మల్లన్న వచ్చాడు.

"అంత కర్మ తమ్మీ. దేవుడు ఊకెనే చెయ్యడు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. యూదుల బోధ ఒకటి ఫోన్‌లో విని నువ్వే చెప్పావు కదా: మనిషి తన కష్టంలో అర్థం తాను వెతుక్కోవచ్చు గానీ, బాధలో ఉన్నవాడితో ఇది నీ పాపఫలమని ఇంకొకడు అనకూడదట.

"ర్యాక్ ఊగుతుందని మా తమ్ముడు చెప్తే, యల్లా యల్లా, జల్ది పో అని దాని కిందికి తోలింది నువ్వే గదనే! కర్మ అంటవా? లే, బయటికి నడువ్!" అని అరిచాను.

మల్లన్న చెప్పులు వేసుకున్నాడు.

నాకు ఏడుపు రాలేదురా, ఇప్పటికీ కోపమే. తెల్లారితే మళ్లీ అతని దగ్గరే పని. కూలిన ర్యాక్‌కే అతుకులేసి నిలబెట్టారు. దాని కిందికి నేను పోను.

అన్న