బూట్లేస్తే తెలియని బంతి

సిద్దిపేట, 1945 జులై, ఆదివారం రాత్రి

మా రఘు సాయంత్రం బస్సులో పట్నం నుంచి తిరిగి వచ్చేశాడు. పెద్ద ఫుట్‌బాల్ జట్టులో హాఫ్ బ్యాక్‌గా తీసుకుంటామని పిలిచినవాళ్లు బూట్లు వేసుకుని ఆడమన్నారట. ఇక్కడ వట్టికాళ్లతోనే కదా వాడు ఆట నేర్చింది!

"బూట్లేస్తె బంతి కాలికి తెలుస్తలేదమ్మా. ఉరుకుతుంటె పడ్డ. ఆడున్నోళ్లంత నవ్విన్రు."

"అలవాటైతది బిడ్డా. మల్ల పో."

"ఇంక పిలువరు."

వాళ్ల బాపు మాత్రం, "మంచిగైంది తీ! బంతి ఎనక ఉరికింది సాలు, రేపటిసంది దుకాణంల కూసో" అన్నారు.

వాడు వాదిస్తాడనుకున్నాను. తలవంచుకుని సరేనన్నాడు. వాడిని పట్నం పంపడం తప్పా, ఇప్పుడు ఊరుకోవడం తప్పా? పంతొమ్మిదేళ్లవాడు అంత తొందరగా సరే అనడమే నాకు భయంగా ఉంది.