జోఖా పంచిన మాత్రలు

సమాయిల్ ఆస్పత్రి,
సెప్టెంబరు 1976

మణికుమారి అక్కా,

వందనాలు. బాగున్నానని రాయడానికి చెయ్యి రావట్లేదు.

ఖర్జూరాల కోతకి మీ ఊరు సువైక్‌కి వచ్చిన జోఖా గుర్తుందా? మా టీబీ పేషెంటు. మందు ఆగకూడదని మీ ఆస్పత్రికి పంపిస్తే, మీ డాక్టరు "మా ప్రాంతం మనిషి కాదు" అని వెళ్లగొట్టాడు. ఆ దగ్గు ఏ ప్రాంతందో అడిగాడా ఆయన?

అంత దూరం నుంచి ఆమె మాటిమాటికీ రాలేకపోతుందని మా డాక్టరు కోత అయ్యేదాకా సరిపడా మాత్రలు ఒకేసారి ఇచ్చేశారు. తోటలో దగ్గేవాళ్లందరికీ ఆమె పంచిపెట్టేసింది. ఇదేం పని అంటే, పక్కవాళ్లకి పెట్టకుండా నేనొక్కదాన్నే ఎలా తింటానంది. అన్నమైనా అందరూ ఒకే పళ్లెంలో తినే మనుషులు కదా. ఎవరికీ సరిపోలేదు. ఇప్పుడు నెత్తురు కక్కుతూ వచ్చింది. మధ్యలో ఆగేసరికి ఆ మందు ఇక పనిచెయ్యట్లేదు. మా దగ్గర వేరే మందు లేదు.

ఏ ప్రాంతం వాళ్లొచ్చినా మందివ్వాలని మీ ఆస్పత్రి పెద్దలూ మా పెద్దలూ మస్కట్ మీటింగులో ఒప్పుకున్నారట. కాఫీలు తాగి ఫోటో కూడా దిగారట. ఆర్డరు మాత్రం రాలేదు. దానికోసం ప్రార్థన చెయ్యడం కూడా మానేశాను.

నిన్న డ్యూటీలో జోఖా నా చెయ్యి పట్టుకుంది. "వచ్చే కోతకి నేనుండను. మాత్రలు ఇంకెవరితోనైనా పంపించు. సువైక్‌లో మా చెల్లెలి పిల్లలు దగ్గుతున్నారు" అంది.

ఆ పిల్లలు అక్కడే పుట్టారక్కా. మీ ప్రాంతం వాళ్లేనని మీ డాక్టరుకి చెప్పు.

నీ చెల్లి