మౌనిక గిటార్‌కు గంజి పెట్టిన సంగతి

మన్సూరాబాద్
19 సెప్టెంబరు 2011, సోమవారం

దిల్‌సుఖ్‌నగర్‌ల గిటార్ నేర్పే సాంబమూర్తి సారుకు, మౌనిక తాత అంతయ్య రాసేది. మేం మంచిగున్నం. నిన్ను నేను ఎన్నడు చూడలే, నువ్వు కూడా బతికే ఉన్నవని మా పాలాయన రామస్వామి చెప్పిండు.

ఫోన్ చెయ్యొచ్చు గదా అంటవు. నాకు ఫోన్ల మాట ఇనబడది. మూడో తరగతిల బడి ఇడిసిపెట్టి మగ్గం ఎక్కినోణ్ణి, నా అక్షరాలు వంకర ఉంటయి. మాట మాత్రం వంకర ఉండది. ఈ చీటీ రామస్వామి తెస్తడు. తెలంగాణ సమ్మెకు బస్సులు బందైనయి గాని బర్రెలు సమ్మె చెయ్యలే, ఆయన రోజూ పొద్దున మీ గల్లీకి బండి మీద పాలు తెస్తనే ఉన్నడు.

మతలబు ఏందంటే, సమ్మెకు నీ క్లాసు బందు పెట్టినవు. మంచిదే. మౌనిక ఇంట్లనే వాయిస్తున్నది. వారం సంది అవే నాలుగు చప్పుళ్లు. టింగు, టింగు, టింగు, టింగు. మళ్ల మొదటికెళ్లి టింగు. "ఏందే బిడ్డా, నీకు పాట రాదా?" అంటే, "సారు గిట్లనే చెయ్యమన్నడు తాతా" అంటది.

వచ్చే ఐతారం ఎల్బీనగర్ చౌరస్తల వంటావార్పు ఉన్నది. అందరం రోడ్డు మీదనే పొయ్యి పెట్టి, వండుకుని, అక్కడనే తింటం. అక్కడ మా గల్లీ లచ్చమ్మ తను కట్టిన పాట పాడుతది. నేను సమ్మె టెంటు కింద లేచి నిలబడి, "ఆ పాటకు మా మనుమరాలు గిటార్ వాయిస్తది" అని చెప్పిన. పేరు రాసుకున్నరు. ఎవరూ అడగలే, నేనే చెప్పిన.

మా కొడుకు శేఖర్ గది విని, "సరే, వాయించనీ. నలుగుట్ల నగుబాటైతే మాత్రం సోమవారం గిటార్ అమ్ముడే, పిల్ల ఎంసెట్ కోచింగ్‌కు పోవుడే" అన్నడు. ఆయన మాట అంటే అంతే. నా కొడుకు గదా. పిల్ల ఆ రాత్రి గిటార్ పక్కల పెట్టుకుని పన్నది.

అందుకని జల్దిగ వాయించే పాఠం రాసి పంపు. ఆరు దినాలే ఉన్నది.

ఇట్లు,
అంతయ్య (నలభై ఏండ్లు మగ్గం నేసినోడు)

తాజా కలం: నువ్వు కృష్ణ అవతలి మనిషివని నాకు తెలుసు. నేనేం అంటలేను. ఏం అంటలేనని రాసి పెడుతున్న, అంతే.


దిల్‌సుఖ్‌నగర్
20-9-2011

పెద్దలు అంతయ్య గారికి సాంబమూర్తి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, మా ఆవిడ కుసుమకుమారి కులాసా.

మీరు కంగారు పడకండి. మౌనిక చేస్తున్నది సరైన సాధనే. నిదానంగా వాయించమన్నది నేనే. చెయ్యి నిదానంలో నేర్చుకున్నదే వేగంలో చేస్తుంది. తొందరలో తప్పు వాయిస్తే, ఆ తప్పునే అలవాటు చేసుకుంటుంది. అందుకని ఆ అమ్మాయికి నాలుగు సంగతులు చెప్పాను. పాటంతా మొదటి నుంచి వాయించకుండా, తడబడే ముక్క ఒక్కటే తీసుకుని, వరసగా పదిసార్లు తప్పు లేకుండా వచ్చేదాకా వాయించాలి. తాళం కోసం టిక్ టిక్‌మనే డబ్బా పెట్టుకుని, దాని వెంటే వాయించాలి. రోజుకు మూడు పూటలా పావుగంట చాలు, వేళ్లు నొప్పెడితే ఆపాలి. మధ్యమధ్యలో మీటకుండా, ఎడమ చేతి వేళ్లు మాత్రం కదుపుతూ సాధన చెయ్యమన్నాను.

ఆదివారానికి పాట సిద్ధమవుతుంది. నాది పూచీ.

భవదీయుడు,
సాంబమూర్తి

తా.క.: నేను తెనాలి దగ్గర వాణ్ణి. గిటార్‌కి మాత్రం ఏ ఒడ్డైనా ఒకటేనండి.


మన్సూరాబాద్
21 తారీఖు, బుధవారం

సాంబమూర్తి సారుకు అంతయ్య రాసేది. నీ ఉత్తరం ముట్టింది. మౌనికతోని సదివించుకున్న. రెండుసార్లు సదివించుకున్న, మొదటిసారి నమ్మలే.

మీటకుండ వాయించమన్నవట. చప్పుడు లేని గిటార్! నిన్న సాయంత్రం పిల్ల పావుగంట వేళ్లు ఆడించింది, ఒక్క చప్పుడు రాలే. మా ఇంటిది కౌసల్యమ్మ, "పాపం, పిల్లకు దిష్టి తగిలింది" అని మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసింది. ఇల్లంత దగ్గు. పాటను నడుమల నుంచి వాయించుడేంది? అన్నం నడుమల కెళ్లి తింటమా?

నాకు అంత సమఝయింది సారూ. నీ క్లాసుల మీ దిక్కు పోరగాళ్లు రైలు తీరు వాయిస్తరట. మా పిల్లకొచ్చేసరికి నిదానం. మా నీళ్లు నిదానం, మా కొలువులు నిదానం, ఇప్పుడు మా గిటార్ కూడా నిదానమేనా? టెంటు కింద గీ మాటే అన్న. అందరు చప్పట్లు కొట్టిన్రు.

ఆ టిక్ టిక్ డబ్బా నా తలకాయ తింటున్నది. దాన్ని తీసి బియ్యం డబ్బల పెట్టిన. పిల్ల రెండు గంటలు వెతికింది. బియ్యంల టిక్ టిక్‌మంటుంటే దొరికింది.

ఇంకో సంగతి. పిల్ల దోస్తు ఇంటికి పోయినప్పుడు గిటార్ తీసి చూసిన. ఆరు తీగెలు. ఒకటి తాడంత, ఒకటి వెంట్రుకంత. బొటన వేలుతో ఒత్తి చూస్తే ఒకటి బిర్రుగ, ఒకటి వదులుగ. ఇదేం పడుగయ్యా? మగ్గం మీద పడుగు పోగులన్నీ ఒక్క తీరు బిర్రుగ లేకపోతే బట్ట వంకర వోతది. అసలు తప్పు ఇక్కడున్నది, నువ్వు చూడలే. తల దగ్గర చెవులుంటే ఒక్కొక్కటి తిప్పి, ఆరింటినీ ఒక్క బిర్రుకు తెచ్చిన. పోచంపల్లి చెయ్యి నాది.

ఇట్లు,
అంతయ్య

తాజా కలం: సన్నదొకటి తెగింది. అది పుట్టుకలోనే చీకిన తీగె.


దిల్‌సుఖ్‌నగర్
22-9-2011

అంతయ్య గారూ! అంతయ్య గారూ!

నమస్కారం రాయడం మరిచాను, ఇక్కడ రాస్తున్నాను, నమస్కారం. తీగలన్నీ ఒక్క బిగువులో ఉండకూడదండి! ఏ తీగ బిగువు దానిది, ఏ తీగ పలుకు దానిది. దయచేసి ఆ చెవులు ముట్టుకోకండి. మౌనికనూ కొత్త తీగ వచ్చేదాకా తిప్పవద్దనండి.

దుకాణాలన్నీ మూసేశారు. నా దగ్గర ఒక కట్ట తీగలున్నాయి, రామస్వామి చేతికిస్తున్నాను. ఎలా కట్టాలో మౌనికకు తెలుసు. ఒక రోజు సాధన పోయింది, దాన్ని తొందరపడి ఒకేసారి పూరించవద్దని చెప్పండి. ఆ రోజు పోతే పోయింది, రేపు మళ్లీ నిదానం నుంచే.

మా క్లాసులో మీ దిక్కు, మా దిక్కు అని లేదు. రైలులా వాయించే పిల్లవాడు ఒకడున్నాడు. వాడు రెండేళ్లుగా అదే స్టేషన్లో ఉన్నాడు.

మీ శ్రేయోభిలాషి,
సాంబమూర్తి

తా.క.: మీరేదైనా చెయ్యాలని చెయ్యి ఆగకపోతే, తీగలకు నూనె మాత్రం రాయకండి.


మన్సూరాబాద్
23 తారీఖు, శుక్రవారం

సాంబమూర్తి సారుకు అంతయ్య రాసేది. తీగెలు అందినయి.

నూనె రాయొద్దన్నవు. రాయలే. గంజి పెట్టిన. గంజి సంగతి నువ్వు రాయలేదు.

పోగు తెగకుండ ఉండాలంటే పడుగుకు గంజి పెడుతరు, గది మా దిక్కు చిన్న పిల్లకు కూడా తెలుసు. పొద్దున మిగిలిన తీగెలకు మంచిగ చిక్కటి గంజి పట్టించి ఎండల పెట్టిన. పిల్ల వాయిస్తే "దబ్ దబ్" అన్నది. ఏడ్సింది. నా ముంగట ఏడ్వలే, వంటింట్ల ఏడ్సింది. నాకు ఫోన్ల ఇనబడది గాని గోడ అవతల ఏడుపు ఇనబడుతది.

నువ్వు పంపిన తీగెలన్నీ కొత్తగ కట్టుకున్నది. నేను చేతులు ఎనుకకు కట్టుకుని చూసిన.

కౌసల్యమ్మ నన్ను నిలబెట్టి అడిగింది: "మీ అయ్య నిన్ను మొదటి దినమే మగ్గం ఎక్కించిండా? ఏడాది నువ్వు తెగిన పోగులు అతుకుడే గదా? 'ఉరుకుతే బట్ట రాదురా' అని మీ అయ్య ఎన్నిసార్లు కొట్టిండు?" నేను నీళ్లు తాగిన. దాహమై తాగలే.

నిన్న సంది నాకు అన్నం సైస్తలేదు సారూ. పేరు నేనే రాయించిన. తీగె నేనే తెంపిన. ఐతారం పిల్ల తడబడితే గిటార్ పోతది, పిల్ల నన్ను ఒక్క మాట కూడా అనది. అంటే మంచిగుండు.

నువ్వొచ్చి పక్కన ఉంటే పిల్లకు ధైర్యం అని మా ముసల్ది అన్నది. వద్దు, రాకు. అక్కడ నా అసుంటి నోరున్నోళ్లే శానమంది. నువ్వు నోరు తెరిస్తే మీ ఊరు తెలిసిపోతది. ఎవరన్న ఒక మాట అంటే నేను ఊకోను, నాకు కొట్లాట అయితది, పొయ్యి మీది అన్నం మాడుతది.

ఇట్లు,
అంతయ్య

తాజా కలం: ఎండిన గంజి తీగెల మీదికెళ్లి ఎట్ల తియ్యాలె? ఊరికే అడుగుతున్న, పాతవి దాచిపెట్టిన.


దిల్‌సుఖ్‌నగర్
24-9-2011

పెద్దలు అంతయ్య గారికి, నమస్కారాలతో.

రావద్దన్నారు, మంచిదే. మా కుసుమకుమారి కూడా అదే అంది. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. బస్సు లేదు, ఆటో లేదు, నా నోరు చూస్తే నా మాట వినదు.

మౌనికను ఈ చీటీ చదువుకోమనండి. ఇవాళ సాయంత్రం ఒక్కసారే, మెల్లగా. తర్వాత గిటార్ సంచిలో పెట్టెయ్యాలి. రేపు ఆమె అనుకున్నదానికన్నా కొంచెం నిదానంగానే మొదలుపెట్టాలి, భయంలో చెయ్యి దానంతటదే తొందరపడుతుంది. భుజాలు బిగించకూడదు. ఇంట్లో తప్పు వచ్చిన చోట ఆగాలి. నలుగురిలో తప్పు వస్తే మాత్రం ఆగకూడదు, తాళం పట్టుకుని ముందుకు పోవాలి.

మీరు కూడా కాస్త ఎంగిలి పడండి.

సాంబమూర్తి

తా.క.: గంజి పోదు. పాతవి పారెయ్యండి.


మన్సూరాబాద్
26 తారీఖు, సోమవారం

సాంబమూర్తి సారుకు అంతయ్య గర్వంగ రాసేది.

గెలిచినం! నువ్వు ఇంట్లనే దాక్కుంటివి, అందుకని వివరంగ రాస్తున్న, సదువుకో.

చౌరస్తల జనమే జనం. పది పొయ్యిలు, పొగ ఎంతంటే ఎదురుంగ ఉన్న దుకాణాలు కూడా కనబడలే. నేను ముంగటి వరసల కూసున్న. నా పక్కన ఒక సన్నటి మనిషి, తలకు రుమాలు కట్టుకుని, చెమటలు గక్కుకుంట కూసున్నడు. "ఏ ఊరు తమ్మీ?" అంటే చెయ్యి ఎటో ఊపిండు. "పేరేంది?" అంటే దగ్గిండు. అప్పుడు తెలిసింది, పాపం మూగోడు. మూగోడైనా తెలంగాణ కోసం నడిచి వచ్చిండు. పులిహోర విస్తరి నిండ పెట్టించిన. తిన్నడు. మళ్ల పెట్టించిన. మళ్ల తిన్నడు.

నీ సంగతంత ఆయనకు చెప్పిన. "మా పిల్లకు నేర్పెటోడు తెనాలోడు, భయపడి ఇంట్ల గడియ పెట్టుకున్నడు" అంటే, అవునవునని తలకాయ జోరుగ ఊపిండు.

మౌనిక స్టేజీ ఎక్కింది. మా దిక్కు చూసి నవ్వింది. తాతను చూసి ధైర్యం వచ్చింది పిల్లకు. లచ్చమ్మ పాట అందుకున్నది. పిల్ల నిదానంగ మొదలువెట్టింది. ఒక్కొక్క చప్పుడు విత్తనం తీరు పడ్డది. శేఖర్ ఎనుక కరెంటు స్తంభం కాడ చేతులు కట్టుకుని నిలబడ్డడు.

నాకు ఉషారొచ్చి చప్పట్లు షురూ చేసిన. నా ఎనుక ఇంకో పది మంది. రెండో చరణంల పిల్ల వేళ్లు తడబడ్డయి. లచ్చమ్మ నా దిక్కు చూసింది. నా పానం పోయినంత పనైంది. పిల్లకు బలం రావాలని ఇంకా గట్టిగ, ఇంకా జోరుగ కొట్టిన. ఇంకా తడబడ్డది!

అప్పుడు ఆ మూగోడు నా రెండు చేతులు గట్టిగ పట్టుకున్నడు సారూ. కండ్లల్ల నీళ్లు. ఆ మనిషికి మా పిల్ల మీద ఎంత పావురమో, ఎంత ప్రేమో! నేను కూడా ఏడ్సిన. పాట అయిపోయేదాక ఇద్దరం అట్లనే చేతులు పట్టుకుని కూసున్నం. మా ప్రేమ చూసిందో ఏమో, పిల్ల సర్దుకుని ఆఖరిదాక ఒక్క తప్పు లేకుండ వాయించింది.

శేఖర్ స్టేజీ కాడికి వచ్చి, "ఇంకోటి వాయించు" అన్నడు. గంతే. గిటార్ అమ్మకం మాట మళ్ల ఎత్తలే. ఇవ్వాళ పొద్దున గిటార్ సంచికి తెగిన జిప్పు ఆయనే కుట్టించుకొచ్చిండు.

నిన్న పాట అయినంక చూసేసరికి ఆ మూగోడు లేడు. ఆయనను దొరకవట్టి నీ దగ్గరికి తోలుతా. నోరు లేకపోయినా మనసున్న మనిషి, ఊరికే గిటార్ నేర్పు. నిన్ను చూసి ఆయన నేర్చుకునేది ఏం లేదు గాని, ఆయనను చూసి నువ్వు ధైర్యం నేర్చుకో.

ఇట్లు,
అంతయ్య

తాజా కలం: నిదానం మంచిదే. నేను మొదటి సంది అదే చెప్తున్న.


దిల్‌సుఖ్‌నగర్
27-9-2011

పెద్దలు అంతయ్య గారికి సాంబమూర్తి నమస్కరించి రాయునది.

మౌనిక వార్త చదివి నేను, కుసుమకుమారి చాలా సంతోషించాం. నాకు అంతకుముందే తెలుసనుకోండి. ఎందుకంటే మీ పక్కన కూర్చున్న మూగవాణ్ణి నేనే.

ఇంట్లో ఉండలేకపోయాను. పూచీ అన్నాను కదా. తెల్లారి కొత్తపేట మీదుగా నడుచుకుంటూ వచ్చాను. నోరు తెరిస్తే మీకు కొట్లాట అవుతుందని రాశారు గనక తెరవలేదు. నన్నెవరూ ఏమీ అనలేదండి. మీరొక్కరే అన్నారు, అది కూడా నాతోనే. నేను గడియ పెట్టుకున్నానని మీరన్నప్పుడు తల ఊపింది "కాదు" అని. మౌనిక నవ్వింది నా తలమీది రుమాలు చూసి. నా కళ్లలో నీళ్లు పొయ్యి పొగవి.

ఇక చేతుల సంగతి. చెప్పకుండా ఉందామనుకున్నాను, కుసుమకుమారి చెప్పాల్సిందే అంది. నేను మీ చేతులు పట్టుకున్నది ప్రేమతో కాదు, క్షమించండి. మౌనిక వేళ్లు తప్పలేదు. మీ చప్పట్లు పాటకు రెట్టింపు జోరులో పోతున్నాయి, మీ వెనక పది మందీ మిమ్మల్నే పట్టుకున్నారు. పాపం ఆ పిల్ల లచ్చమ్మ గారి వెంట పోవాలా, తాత వెంట పోవాలా అని తికమకపడింది. మీరు బలం ఇస్తున్నకొద్దీ ఇంకా తికమకపడింది. వేరే దారి లేక పట్టుకున్నాను. మీ చేతులు మగ్గం చేతులు, పాట అయ్యేదాకా ఆపడానికి నా శక్తంతా సరిపోయింది. ఇప్పటికీ నా మణికట్టు వాచే ఉంది, ఈ వారం గిటార్ పట్టలేను.

ఇంకో సభలో పేరు రాయించారని రామస్వామి చెప్పాడు. మౌనిక సిద్ధమే. మీరు మాత్రం శనివారం నుంచి రండి, పావుగంట చప్పట్లు నేర్పుతాను.

మీ సాంబమూర్తి

తా.క.: పులిహోర అద్భుతం. మూడోసారి కూడా వేయించుకుందామనుకున్నాను. అడగడానికి నోరు లేకపోయింది.