వేట మొదలైన రోజున పెట్టిన సభ

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర మన రేవు తీసుకుని పెద్ద పోర్టు కడతారట. దానికి నిన్న ప్రజాభిప్రాయ సభ పెట్టారు. రెండు నెలల చేపల వేట నిషేధం ముగిసి, పడవలు మళ్లీ సముద్రంలోకి వెళ్లే రోజే దొరికింది వాళ్లకి. మగవాళ్లు పడవలెక్కారు, ఆడవాళ్లు గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టడానికి రేవుకు వెళ్లారు. నువ్వుంటే అడిగేవాడివని నేను సభకు వెళ్లాను.

ఖాళీ కుర్చీలు చూసి పెద్దాఫీసరు “అభ్యంతరాలు లేవు” అని రాయించబోయాడు.

“నాకుందండి” అన్నాను.

“మీరొక్కరే కదమ్మా!”

“ఒక్కరే అని రాయండి. మిగతావాళ్లు ఎక్కడున్నారో కూడా రాయండి.”

రాయలేదు. ఫోటో తీయించుకుని టిఫిన్‌కి లేచారు.

రోజూ పూజలో నా కోపం తగ్గించమని స్వామిని వేడుకుంటాను. ఇవాళ వేడుకోలేదు.

పెద్దక్క