98.4 అని రాసింది అబద్ధం

లేవగానే ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. పదింటికి నీ నరాల జబ్బుకి, ఆ ఎం.ఎస్.కి మందు ఎక్కించుకోవడానికి బయల్దేరకముందే నర్సమ్మతో మాట్లాడు. మొన్నటి పరీక్షలో తెల్లకణాలు బాగా తగ్గాయని, ఇంట్లో ఒకరికి జ్వరమని చెప్పు. వాళ్లు రమ్మంటేనే వెళ్లు. నువ్వూ టెంపరేచర్ చూసుకో. నా గ్లాసు, దిండు ముట్టుకోకు. కిటికీలు తెరిచి పెట్టాను.

ఆ ఒకరు నేనే. ఆదివారం సాయంత్రం షాపులో బట్టలు కుడుతుండగానే ఒళ్లు కాలిపోయింది, చూస్తే 101. మాత్ర వేసుకుని, జ్వరం దిగేదాకా మెషీన్ దగ్గరే కూర్చుని ఇంటికొచ్చాను. గుమ్మంలో నీ ఎదురుగానే థర్మామీటర్ పెట్టుకుని, మనం రోజూ జ్వరాలు రాసుకునే పుస్తకంలో 98.4 అని రాశాను. నువ్వు చూసి పక్కన టిక్కు పెట్టావు. ఇవాళ తెల్లారేసరికి మళ్లీ వచ్చింది.

ఒంట్లో బాగోకపోతే షాపులోనే పడుకోవాలని రూలు పెట్టింది నేనే. పోయిన నెల పదకొండు రోజులు ఆ కత్తిరింపు బల్ల మీదే పడుకున్నాను. ఆదివారం మాత్రం నీ పక్కన కూర్చుని భోంచెయ్యాలనిపించింది. అంతకుమించి కారణం లేదు. నువ్వు కుర్చీ దగ్గరికి జరుపుకున్నావు. నేను దూరం జరగలేదు.

నిన్న సోమవారం మీ చెల్లెలు ఒక్క తుమ్ము తుమ్మిందని గుమ్మంలోంచే వెనక్కి పంపించాను. తనకి నువ్వే చెప్పు, నాకు మొహం చెల్లదు.

నేను షాపులో ఉంటాను. నర్సమ్మ ఏమందో చెప్పడానికి కాకపోతే, తిట్టడానికైనా ఫోన్ చెయ్యి.

పుస్తకంలో 98.4 కొట్టేసి 101 రాశాను. పక్కన నువ్వు పెట్టిన టిక్కు మాత్రం కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.